దారం తెంపని కుట్టు

హ్యూస్టన్ పక్కన కేటీలో అక్టోబరు వచ్చినా ఎండ తగ్గలేదు. గరాజు తలుపు నడుమెత్తు వరకు లేపి ఉంది. వంగి లోపలికి రండి. కారును వీధిలోకి నెట్టేసి చాలా ఏళ్ళయింది. దాని చోటు ఇప్పుడు రెండు కుట్టుమిషన్లది, ఓ ఇస్త్రీ బల్లది, గోడ పొడుగునా అరల్లో మడతలు పెట్టి పేర్చిన నూలు గుడ్డలది. చెప్పులు అక్కడే వదలండి. లోపల గంజి వాసన, కాలిన ఇస్త్రీపెట్టె వాసన, స్టీలు ఫ్లాస్కులోంచి కాఫీ వాసన కలిసిపోయి ఉన్నాయి.

చూసేముందు ఒక్క నిమిషం వినండి. ఎడమ వైపు మిషను ఆగకుండా నడుస్తోంది. రొద మధ్య మధ్య కాస్త సన్నబడుతుంది గానీ తెగదు. కుడి వైపు మిషను కాసేపు టకటకమంటుంది, ఆగుతుంది, కత్తెర కిచ్చుమంటుంది, ఇస్త్రీపెట్టె బుస్సుమంటుంది, మళ్ళీ టకటక మొదలవుతుంది. ఎడమన కూర్చున్నది వదిన. కుడిన కూర్చున్నది ఆడపడుచు. ఇద్దరూ కుడుతున్నది ఒకే రకం బ్లాకు. వరసకు మూడు ముక్కలు, మూడు వరసలు, మొత్తం తొమ్మిది. ఇలాంటి బ్లాకులు అతికి చేసే బొంతే క్విల్టు. ఆ పని నేర్చుకునేవాళ్ళలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు.

వదిన లేచి తన కుర్చీ మీకిస్తుంది. "కూర్చోండి. చూస్తే వచ్చేది కాదిది."

మిషను పక్కన ముక్కలు జతలు జతలుగా పేర్చి ఉన్నాయి. ఒకటి ముదురు నీలం, ఒకటి తెలుపు, మంచి వైపులు లోపలికి ఉండేలా ఒకదాని మీద ఒకటి. ప్రతి ముక్కా రెండున్నర అంగుళాల చదరం. గుడ్డను నొక్కి పట్టే ఫుట్టు కింద ఓ పనికిరాని పేలిక ముందే ఉంది. మీరు దాన్ని తీసెయ్యబోతారు.

"ఉండనివ్వండి. మొదటి కుట్టు దాని మీదే పడాలి."

గుడ్డ అంచు మీదే కుట్టు మొదలుపెడితే, ఆ మూల కాస్తా సూదితో పాటు ప్లేటు కన్నంలోకి దిగిపోతుంది. కింద బాబిన్ దారం ఉండ చుట్టుకుంటుంది. పేలిక మీద మొదలుపెట్టి, దాని మీంచి మొదటి జతలోకి నడిస్తే ఆ గొడవ ఉండదు. చివర్లో ఆగడం కూడా ఇంకో పేలిక మీదే. బానీ హంటర్ అనే అమెరికన్ క్విల్టరు ఈ పేలికల్ని కూడా ఊరికే పోనివ్వలేదు. వాటి బదులు ఇంకో క్విల్టు తాలూకు జతల్ని పెట్టి కుట్టమంది. ఒకటి కుడుతుంటే పక్కన రెండోది పైసా శ్రమ లేకుండా పెరుగుతుంది. నన్నడిగితే క్విల్టు ప్రపంచంలో ఇంత పొదుపరి ఆలోచన ఇంకోటి లేదు.

ఇక పెడలు నొక్కండి. సూదిని చూడకండి. ఎగిరే సూదిని చూస్తే కుట్టు వంకరపోతుంది. గుడ్డ అంచు, ఫుట్టు అంచు కలిసి నడుస్తున్నాయా లేదా, అదే చూడాలి. ఆ రెంటికీ పొత్తు కుదిరితే కుట్టు అంచు నుంచి పావు అంగుళం లోపల పడుతుంది. క్విల్టు లెక్కంతా ఆ పావు అంగుళం మీదే నిలబడింది. కుట్టు పొడవు కూడా వదిన తగ్గించి పెట్టింది, అంగుళానికి పన్నెండు దాకా పడేలా. జాకెట్టు కుట్టినప్పటిలా వెనక్కీ ముందుకీ రెండు సార్లు తొక్కి ముడి వెయ్యడం ఇక్కడ లేదు. తర్వాత అడ్డంగా పడే కుట్టే దీన్ని పట్టి ఉంచుతుంది. అందాకా విడిపోకుండా ఉండాలంటే కుట్లు దగ్గర దగ్గరగా ఉండాలి.

మొదటి జత చివరికొచ్చింది. మీ చెయ్యి అలవాటు కొద్దీ కత్తెర వైపు వెళ్తుంది.

"ఆగద్దు! ఫుట్టు ఎత్తద్దు. తర్వాతది తొయ్యండి."

గుడ్డ లేని చోట రెండు మూడు కుట్లు గాలిలో పడతాయి. పైదారం కిందిదారం మెలిపడి సన్నటి పేట అవుతుంది. రెండో జత ముక్కును ఫుట్టు కిందకి అందిస్తారు, కింద ఉన్న పళ్ళు దాన్ని లాక్కుంటాయి. మూడోది. నాలుగోది. ఏడెనిమిది జతలయ్యేసరికి మీ చేతులకి తోవ దొరుకుతుంది. ఒక చెయ్యి నడుస్తున్న జతను కాస్తుంటే, రెండోది వచ్చే జతను సర్దిపెడుతుంది. మిషను వెనక నుంచి నీలం తెలుపు ముక్కలు మామిడాకుల తోరణంలా వేలాడుతూ బుట్టలోకి దిగుతున్నాయి. ఇదే చెయిన్ పీసింగ్.

లెక్క చూద్దాం. వదిన క్విల్టుకు ఇలాంటి బ్లాకులు 40 కావాలి. వాటి మధ్య ఒకటి విడిచి ఒకటి పెట్టడానికి సాదా చదరాలు ఇంకో 40. ఎనిమిదేసి చొప్పున పది వరసలు. ఒక్కో బ్లాకుకు ఎనిమిది అతుకులు, వరసల లోపల చిన్నవి ఆరు, వరసల్ని కలిపే పొడుగువి రెండు. మొత్తం 320. ప్రతి అతుకుకూ మొదట్లోనూ చివర్లోనూ పైదారం, కిందిదారం మూడేసి అంగుళాలు వదిలి తెంపారనుకోండి, అతుకుకు అడుగు దారం చెత్తబుట్టకి పోతుంది. 320 అడుగులు, అంటే సుమారు వంద మీటర్లు. దారం ఏమంత ఖరీదు కాదు. ఆగడం, ఫుట్టు ఎత్తడం, గుడ్డ లాగడం, తెంపడం, మళ్ళీ దించడం 320 సార్లు చెయ్యాలి. వదిన దృష్టిలో అసలు దండుగ అది.

రెడీమేడ్ బట్టల కార్ఖానాల్లో పీసు రేటు మీద కుట్టేవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. ఇంటి క్విల్టర్ల చేతుల్లో ఇది బాగా పాతుకుపోయింది 1970ల చివర్నుంచి. 1978లో ఎలినార్ బర్న్స్ అనే క్విల్టరు ఒక్క రోజులో క్విల్టు కుట్టొచ్చని పుస్తకం వేసింది. ఎంచుకున్నది లాగ్ క్యాబిన్ నమూనా, నడిమి చదరం చుట్టూ సన్నటి పట్టీలు అతుక్కుంటూ పోయే రకం. ఆ పట్టీల్ని కత్తిరించే పని కూడా పెట్టుకోలేదు, మన బట్టల కొట్టువాడి పద్ధతిలో గాటు పెట్టి చర్రున చింపెయ్యమంది. మరుసటి ఏడాదే జపాన్ కంపెనీ ఓల్ఫా గుండ్రటి బ్లేడు కట్టరు తెచ్చింది. కొయ్యడం అంత వేగమయ్యాక కుట్టడం ఒక్కటీ నిదానంగా ఎలా ఉంటుంది?

"పొద్దుట్నించి ఎన్నయ్యాయి అమ్మాయ్?" మీ భుజం మీంచి వదిన అడుగుతుంది.

"మూడు."

"నావి అరవై దాటాయి."

"మీవి జతలు వదినా. నావి బ్లాకులు. మీ బుట్టలో ఇంకా ఒక్క బ్లాకన్నా ఉందేమో చూపించండి!"

ఆ మాటలో నిజముంది. ఇలా గొలుసుగా కుట్టుకుంటూ పోతే చాలాసేపటి దాకా చేతిలో ఏదీ పూర్తవదు. ముందు 120 జతలు, తర్వాత వాటికి మూడో ముక్కలు 120, ఆ తర్వాతే పొడుగు అతుకులు. రంగులు కుదిరాయో లేదో తెలిసేసరికి పని ముప్పావు వంతు అయిపోయి ఉంటుంది.

కుర్చీ కుడి వైపుకి జరపండి. ఆడపడుచు మిషను నల్లగా, చిన్నగా ఉంటుంది. ఒంటి మీద బంగారు రంగు అక్షరాలు. సింగర్ ఫెదర్‌వెయిట్, మోడల్ 221. ఐదు కిలోల బరువు. తిన్నటి కుట్టు తప్ప మరోటి రాదు. కేవలం ముక్కలు అతకడానికి దీన్ని మించింది లేదనే క్విల్టర్లు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు. 1933లో షికాగో వరల్డ్ ఫెయిర్‌లో దీన్ని మొదటిసారి జనానికి చూపించారు. ఆ ఫెయిర్ సందర్భంగానే సియర్స్ కంపెనీ పెట్టిన పోటీకి దేశం నలుమూలల నుంచీ 24,000కు పైగా క్విల్టులు వచ్చాయి. గ్రాండ్ ప్రైజు కెంటకీ రాష్ట్రపు మార్గరెట్ కేడెన్‌కి వెళ్ళింది. తీరా చూస్తే ఆవిడ అందులో ఒక్క కుట్టూ వెయ్యలేదు, కూలికి పెట్టుకున్న ఆడవాళ్ళు కుట్టారు. దారం తెంపారా లేదా అన్నది అలా ఉంచండి, సూది ఎవరి చేతిలో ఉందన్న గొడవ అంతకన్నా పాతది.

ఆడపడుచు ముందున్నవి షాపు గుడ్డలు కావు. వాళ్ళమ్మ కట్టి విడిచిన నూలు చీరలు. వదినకి అత్తగారామె. ఒకటి మంగళగిరి, ఒకటి వెంకటగిరి, మిగతావి ఇంట్లో కట్టుకున్నవి. జరీ అంచులు విడదీసి పక్కన చుట్టిపెట్టింది. ఒంటి భాగం ఏళ్ళ తరబడి ఉతుకుల్లో ఎంత పలచబడిందంటే, దీపానికి అడ్డం పెడితే వేలి గీతలు కనిపిస్తాయి. అలాంటి గుడ్డ మిషను పళ్ళ మీద జారుతుంది, సాగుతుంది. అందుకని వెనక సన్నటి ఫ్యూజింగ్ గుడ్డను ఇస్త్రీతో అంటించి, గంజి పెట్టి, ఆరాక కోసింది. మీకు లోపలికి రాగానే తగిలిన వాసన అదే. అమెరికన్ క్విల్టర్లు కూడా గంజి పెడతారు, స్ప్రే డబ్బాలో కొనుక్కుని. ఈవిడ మాత్రం అన్నం వార్చిందే పెడుతుంది.

ఒక్కో ముక్కా తీసి, వెలుతురు వైపు పట్టి, ఎక్కడ పలచబడిందో చూస్తుంది. కుట్టు ఆ చోట పడకుండా తిప్పి పెడుతుంది. కుట్టాక ఇస్త్రీ. ఇస్త్రీపెట్టెను బట్ట మీద జరపదు, పెట్టి ఎత్తుతుంది. జరిపితే ముక్క ఏటవాలుగా సాగుతుంది. అతుకు మడత ముదురు రంగు వైపుకి. పక్క వరసలో ఆ మడతలు ఎదురు దిక్కుకు వాలాలి. అప్పుడే రెండు వరసలు కలిపినప్పుడు మూలలు ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. అయిన బ్లాకును గోడకి కట్టిన ఫ్లానెల్ గుడ్డ మీద అంటించి, వెనక్కి వచ్చి నిలబడుతుంది. చిలకపచ్చ పక్కన మిరపపండు రంగు మరీ అరుస్తోంది. నాలుగో బ్లాకుకు ఏం చెయ్యాలో అప్పుడు తెలుస్తుంది ఆవిడకి.

ఆ గోడ మీదే ఓ పోస్టరుంది. జీస్ బెండ్ క్విల్టులవి. అలబామా నది మెలికలో ఉన్న ఆ నల్లవాళ్ళ పల్లెలో ఆడవాళ్ళు పొలంలో వేసుకుని చిరిగిన ప్యాంట్లనీ చొక్కాలనీ కోసి క్విల్టులు కుట్టుకునేవాళ్ళు. కొలబద్ద ముందు పెట్టుకుని కాదు, ఈ ముక్క అతికాక దీని పక్కన ఏది బాగుంటుందో చూసుకుంటూ. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో మొదలైన ప్రదర్శనతో లోకమంతా వాటిని చూసింది. 2006లో తపాలా బిళ్ళల మీదికీ ఎక్కాయి. అయితే అదే ప్రాంతంలో 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పుట్టింది. పెద్ద దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చాక అన్నీ ఒకే కొలతలో, ఒకే నాణ్యతతో ఉండాలన్న షరతూ వచ్చింది. సియర్స్ కోసం కార్డురాయ్ దిండు గలీబులు కుట్టారు. గోడకెక్కిన క్విల్టులు మనకి ముద్దే. ఇంట్లోకి డబ్బు తెచ్చినవి మాత్రం ఒకేలా కుట్టిన ఆ గలీబులు. ఈ రెండోది చెప్పకుండా మొదటిదాన్నే పొగిడేవాళ్ళంటే నాకు కాస్త చిరాకు.

మన బొంతలకి ఈ తగాదాయే లేదు. పాత చీరలు పరిచి, పైన ముక్కలు సర్ది, అడుగు నుంచి పై దాకా కలిపి ఒకేసారి పొడుగు కుట్లు వేస్తారు. విడి బ్లాకులన్న మాటే ఉండదు. వీధుల్లో తిరుగుతూ ఇంటి అరుగు మీదే కూర్చుని బొంతలు కుట్టిపెట్టే ఆడవాళ్ళని మీరూ చూసే ఉంటారు. మీరు కూర్చున్న కుర్చీ మీద మడిచి వేసింది అలాంటిదే, అత్తగారి కాలంది.

"ఖాళీగానే ఉన్నారుగా, ఆ జతలు ఇస్త్రీ చేసి పెట్టండి" అని వదిన బుట్ట మీ వైపు తోస్తుంది. తోరణాన్ని కత్తెరతో ముక్కలు చేసి, ఒక్కో జతా విప్పి, నీలం వైపు మడత పెట్టి నొక్కుతారు. సరదాకి స్కేలు పెట్టి చూస్తారు. రెండున్నర, రెండున్నర కలిపి ఐదు. పావు అంగుళం కుట్టుకి అటూ ఇటూ కలిపి అర అంగుళం పోతే నాలుగున్నర ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువుంది. ఇంకోటి చూస్తారు. అదీ అంతే. మరోటి. అంతే.

వదిన వచ్చి చూస్తుంది. మిషను దగ్గరికి వెళ్ళి సూదిని చూస్తుంది. నిన్న ఎవరికో జిప్పు కుట్టిపెట్టింది. దానికోసం సూదిని ఓ మెట్టు పక్కకి జరిపి, తిరిగి నడిమికి తేవడం మర్చిపోయింది. ప్రతి కుట్టూ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పడింది. అరవై జతల్లోనూ.

ఆడపడుచు మిషను ఆగింది. నవ్వు ఆపుకుంటోందని వీపు చూస్తేనే తెలుస్తోంది. "అందుకే వదినా, ఒక బ్లాకు పూర్తిగా కుట్టి కొలుచుకోమనేది."

కుట్లు విప్పాలంటే మాటలా! రెండున్నర అంగుళాల అతుకులో ముప్పై కుట్లు. మూడు నాలుగు కుట్లకొకటి కోసి, రెండో వైపు దారం లాగాలి. అది అరవై సార్లు. మీరు విప్పే పనిముట్టు కోసం వెతుకుతుంటే వదిన కాఫీ పోసుకుంటూ లెక్క వేస్తోంది. ఇలాగే కుట్టుకుంటూ పోతే బ్లాకు ఆరున్నర బదులు ఆరుంబావు వస్తుంది. సాదా చదరాలు ఆరున్నరవి కోసి ఉన్నాయి.

"అన్నీ ఒకే కొలతలో తప్పాయి కదా! ఇక తప్పెక్కడుంది? సాదా ముక్కల్ని పావు అంగుళం తగ్గించేస్తాను, సరి."

48 అంగుళాల వెడల్పు 46కి, 60 అంగుళాల పొడవు 57న్నరకి తగ్గుతాయి. క్విల్టు వెళ్ళేది క్విల్టర్ల గిల్డు తరఫున ఆస్పత్రి పిల్లలకి. రెండంగుళాలు తగ్గిందని కప్పుకున్న పిల్ల ఫిర్యాదు చెయ్యదు. ఒక్కటే జాగ్రత్త, బ్లాకులన్నీ అయ్యేదాకా సూదిని సరైన చోటికి తేకూడదు. బ్లాకుల్లో మిగతా కుట్లన్నీ ఇదే తప్పు కొలతలో పడాలి. జరగకుండా ఆ మీట పక్కన టేపు ముక్క అంటిస్తుంది.

మీ చేతిలో స్కేలు అలాగే ఉంది. గోడ మీది మూడు బ్లాకులూ కొలుస్తారు. ఒకటి సరిగ్గా ఆరున్నర. ఒకటి నూలు పోగంత తక్కువ. మూడోది కాస్త ఎక్కువ. విడివిడిగా, మధ్యలో లేస్తూ కూర్చుంటూ కుట్టినవి కదా, దేని లెక్క దానిది. ఈసారి నవ్వు వదినది.

అయితే వదినని గట్టెక్కించింది ఆ తప్పు కొలతది కావడమే. మూడుకోణాల ముక్కల్ని తిప్పి పెట్టి, తప్పు అంచు మీద అరవై సార్లు కుట్టి ఉంటే ఏ లెక్కా కాపాడేది కాదు, విప్పాల్సిందే. షాపు గుడ్డ కుట్టు విప్పినా తట్టుకుంటుంది, కాకపోతే ఇంకో గజం కొనుక్కోవచ్చు. పలచబడ్డ చీర గుడ్డలో కుట్టు విప్పితే వరసగా కన్నాలు మిగులుతాయి. ఆ మంగళగిరి చీరలో ఎంత ముక్క మిగిలిందో అంతే. కేటీలో కాదు గదా, మంగళగిరిలోనే అది మళ్ళీ దొరకదు.

కాఫీలయ్యాక వదిన ఆడపడుచు పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటుంది. "రంగుల వరస తారుమారు కాకూడదు. అంతేగా నీ బెంగ? జరుగు."

నాలుగో బ్లాకు తొమ్మిది ముక్కలూ బల్ల మీద పరిచి ఉన్నాయి. మధ్య నిలువు వరసలోని మూడు ముక్కల్నీ ఎడమ వరస మీదికి బోర్లిస్తుంది. పై జత, నడిమి జత, కింది జత, అదే క్రమంలో దారం తెంపకుండా కుడుతుంది. విప్పి చూస్తే మూడు జతలూ ఒకదాని కింద ఒకటి పొట్టి దారాలతో వేలాడుతున్నాయి. ఆ దారాల్ని కొయ్యదు. మూడో నిలువు వరస ముక్కల్ని కూడా అలాగే చేరుస్తుంది. తొమ్మిది ముక్కలూ ఇప్పుడు దారాల వలలో, ఎవరి చోట వాళ్ళు. ఎత్తి ఊపినా వరస చెదరదు. ఇక అడ్డంగా రెండు పొడుగు కుట్లు పడితే బ్లాకు అయిపోతుంది. వెబ్ పీసింగ్ అంటారు. మొత్తం క్విల్టు పైభాగాన్నే ఇలా కుట్టేవాళ్ళున్నారు.

ఆడపడుచు బ్లాకును తిప్పి తిప్పి చూసి, "ఒక్కో బ్లాకు వరకూ అయితే చేస్తాను. నలభయ్యీ ఒకేసారి పెట్టమంటే మాత్రం నావల్ల కాదు" అంటుంది.

"నిన్నెవరు పెట్టమన్నారు? అత్తయ్య చీరలవి."

వదిన తన మిషను దగ్గరికి వెళ్ళిపోతుంది. గరాజులో మళ్ళీ రెండు రకాల చప్పుళ్ళు మొదలవుతాయి, ఒకటి ఆగకుండా, ఒకటి ఆగి ఆగి.

ఇద్దరినీ చూసిన మీదట నా తీర్పు ఇది. ఏ క్విల్టుకైనా మొదటి బ్లాకు ఒంటరిగా, చివరి కుట్టు దాకా కుట్టి కొలవండి. కొలత సరిపోయి, గుడ్డ మళ్ళీ దొరికేదై, బ్లాకులన్నీ ఒకటే అయితే, మిగతావి దారం తెంపకుండా కుట్టెయ్యండి. అక్కడ నిదానం వల్ల ఒరిగేదేమీ లేదు. గుడ్డ మళ్ళీ దొరకనిదైతే గొలుసు బ్లాకు దాటనివ్వకండి. మీ ఇంట్లో బీరువా అడుగున అమ్మ చీరలు ఉండి, ఇది చదివాక చేతులు ఊరుకోకపోతే, ముందు ఓ పాత దుప్పటి కోసి రెండున్నర అంగుళాల ముక్కలతో పావు అంగుళం కుట్టు అలవాటు చేసుకోండి. రెండు ముక్కలు అతికితే నాలుగున్నర రావాలి. వరసగా పది జతలు నాలుగున్నర వచ్చేదాకా ఆ చీరల జోలికి వెళ్ళకండి.